చేపపిల్లల వ్యాధులు – వాటి నిదానము

ఇంటిలో గాజుతొట్టి నుంచుకొని రంగుచేపలను పెంచు వేడుక మన పట్టణములలో పెరుగుచున్నది. పెద్ద చేపలను కొనితెచ్చి పెంచుట ఒక యెత్తు; ఆ తొట్టిలోనే పుట్టిన పిల్లలను దక్కించుకొనుట మరియొక యెత్తు. ఒకనాటి ఉదయమున గప్పీచేప 40 పిల్లలను పెట్టును. ఇంటిలోని పిల్లలు వాటిని లెక్కపెట్టి, బడిలో స్నేహితులకు చెప్పి వత్తురు. నాలుగవనాటికి 20 మిగులును. పదవనాటికి ఏడు మాత్రమే కనబడును. అప్పుడు పెద్దలు “చేపపిల్లలు చచ్చుట సహజమే” యని ఊరడింతురు. లేదా దుకాణమునకు పోయి నీలిరంగు మందుసీసా యొకటి తెచ్చి తొట్టిలో పోయుదురు. ఈ రెండును సరియైన మార్గములు కావు.

వాగులలో, చెరువులలో పుట్టిన చేపపిల్లలలో అధికభాగము చచ్చుమాట నిజమే. కాని అవి చచ్చునది ప్రాయికముగా పెద్ద చేపల నోటబడి, పక్షుల నోటబడి, పురుగుల నోటబడి. గాజుతొట్టిలో ఆ శత్రువులు లేవు. గప్పీతల్లి తన పిల్లలను తానే మ్రింగునుగాని, వాటిని వేరొక తొట్టిలోనికి మార్చిన పిమ్మట ఆ భయమును లేదు. అట్లు వేరుపరచిన పిల్లలు దినమునకు నాలుగైదు చొప్పున చచ్చుచున్నచో దానికొక కారణముండి తీరవలెను. మన వైద్యశాస్త్రములో నిదానమను మాటకు కారణమనియే యర్థము. నిదానము తెలియకుండ మందు పోయుట చీకటిలో రాయి విసరుటయే.

ఆ కారణమును కనుగొనుటకు సూక్ష్మదర్శని యక్కరలేదు. ఒక టార్చిలైటు, ఒక భూతద్దము, ఒక చిన్న నోటుపుస్తకము చాలును. ప్రతిదినము మూడు వేళల, అనగా తెల్లవారగట్ల, మధ్యాహ్నము, రాత్రి దీప మార్పక ముందు, తొట్టి యెదుట రెండు నిమిషములు కూర్చుండి చూడవలెను. చచ్చినవి ఎన్ని? ఏ వేళ చచ్చినవి? ముందు చచ్చినవి పెద్దవా, చిన్నవా? చచ్చుటకు ముందు పైకి వచ్చి నోరు తెరచుచుండెనా, అడుగున పడియుండెనా, రాళ్లకు ఒళ్లు రుద్దుకొనుచుండెనా? ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొన్నచో సగము నిదానము తేలిపోవును.

మొదటి విధము: నిన్నటి వరకు చలాకీగా నున్న పిల్లలు కొన్ని గంటలలో అన్నియు ఒక్కమారుగా తేలిపోవుట. ఇది అంటువ్యాధి లక్షణము కాదు. అంటువ్యాధి ఒకదాని నుండి మరియొకదానికి ప్రాకుటకు వ్యవధి కావలెను. ఇట్లు మూకుమ్మడిగా చచ్చినపుడు విషమును శంకింపవలెను. కుళాయినీటిలోని క్లోరిన్ వానిలో మొదటిది. అది లేత మొప్పలను కాల్చివేయును. వెడల్పైన పాత్రలో నీటిని ఒక దినము నిలువయుంచినచో, లేక గాలి యంత్రముతో కలచినచో క్లోరిన్ ఎగిరిపోవును. క్లోరమిన్ కలిపిన నీరైనచో నిలువయుంచుట చాలదు. అందులకు సోడియం థయోసల్ఫేటు ద్రావకము చుక్కలు వేయవలెను. బోరునీటిలో క్లోరిన్ లేదు గదా యని నేరుగా పోయువారున్నారు. భూమిలోపలి నీటిలో ప్రాణవాయువు సాధారణముగా తక్కువ. దానినిగూడ కొంతసేపు గాలి తగులనిచ్చి పోయుట మేలు.

ఇక విషములలో మన యింటివే కొన్ని కలవు. దోమలమందు చల్లిన గది యందలి తొట్టిలో చేపపిల్లలు బ్రతుకుట కష్టము. ఆ మందులలో ఎక్కువగా వాడు పైరెత్రాయిడ్ జాతి రసాయనములు మనుష్యులకంటె చేపలకు ఎన్నోరెట్లు ప్రమాదకరములు. సబ్బుతో తోమిన బకెట్టును రెండుసార్లు కడిగినను దాని జిడ్డు పూర్తిగా పోదు. చేపలకొక బకెట్టును ప్రత్యేకించుట సుళువు. మరియొక మాట చెప్పినచో ఆశ్చర్యపడుదురేమో. రాత్రియంతయు రాగిబిందెలో నిలువయుంచిన నీరు మనకు మంచిదని పెద్దలు త్రాగుదురు. ఆ నీటిని చేపపిల్లలకు పోయరాదు. నీటిలో దిగిన కొద్దిపాటి రాగియైనను, అందును మెత్తని నీటిలో, వాటి మొప్పలకు విషమగును.

రెండవ విధము: తెల్లవారగట్ల మాత్రమే చావులు కనబడుట. రాత్రి పడుకొనువేళ బాగుగానున్నవి, ఉదయము చూచునప్పటికి కొన్ని చచ్చి, తక్కినవి నీటిపైకి చేరి నోళ్లు తెరచుచుండును, ప్రొద్దెక్కినకొలది తేరుకొనును. ఇది ప్రాణవాయువు చాలకపోవుట. పగటివేళ ప్రాణవాయువునిచ్చు నీటిమొక్కలు రాత్రివేళ తామును దానిని పీల్చుకొనును. నీరు వేడెక్కినకొలది దానిలో నిలుచు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లిగ్రాములు పట్టునది, 30 డిగ్రీలవద్ద ఏడున్నరకు దిగిపోవును. కనుకనే మన వేసవిలో ఈ బాధ అధికము. చేపల చెరువులు గలవారికి తెలిసిన గుర్తొకటి యున్నది: ప్రాణవాయువు తగ్గినపుడు సాధారణముగా పెద్దవి ముందు చచ్చును, వ్యాధి వచ్చినపుడు బలహీనమైన చిన్నవి ముందు పోవును. ఇంటి తొట్టిలోను ఈ గుర్తు ఉపకరించును. నీటి కదలిక పెంచుట, పిల్లల సంఖ్యను రెండు తొట్లకు పంచుట దీనికి మందు.

మూడవ విధమే అన్నిటికంటె సామాన్యమైనది, అన్నిటికంటె మోసకరమైనది. దినమునకు రెండు, మూడు చొప్పున వారముల తరబడి చావులు. నీరు చూచుటకు తేటగానే యుండును. పిల్లలు రెక్కలు ముడుచుకొని ఒక మూలకు చేరును, మొప్పలు ఎర్రబారును, మేత వేసినను ఉత్సాహము కనబడదు. చూచినవారు “ఏదో రోగము వచ్చిన”దందురు. రోగము చేపలది కాదు, నీటిది.

చేప విసర్జించు మాలిన్యములో ముఖ్యమైనది అమ్మోనియా. అది మొప్పలగుండనే ఎక్కువగా వెలువడును. తినక మిగిలిన మేత కుళ్లినను అదియే పుట్టును. పాత తొట్టిలో ఇసుకను, రాళ్లను, ఫిల్టరు స్పాంజిని ఆశ్రయించిన మేలుచేయు సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను మొదట నైట్రైటుగాను, పిదప నైట్రేటుగాను మార్చును. అమ్మోనియా విషము, నైట్రైటును విషమే. నైట్రేటు అంత హానికరము కాదు. నీరు మార్చినచో పోవును. ఈ సూక్ష్మజీవుల సంసారము నెలకొనుటకు సుమారు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. మనము చేయునదేమి? పిల్లలు పుట్టగనే ఒక కొత్త తొట్టిని తళతళలాడునట్లు కడిగి, కొత్త నీరు పోసి, పిల్లలను దానిలో వదలి, దినమునకు అయిదారుమారులు మేత వేయుదుము. కంటికి పరిశుభ్రముగా కనబడు ఆ తొట్టియే వాటికి మురికికూపము. ఆ మురికిని మింగివేయు ప్రాణి అందులో ఇంకను పుట్టలేదు.

అమ్మోనియా విషయములో మన ప్రాంతపు నీటికొక విశేషమున్నది. బోరునీరు చాలచోట్ల కఠినముగాను, క్షారముగాను ఉండును. నీటి ఆమ్లక్షార ప్రమాణమును పీ.హెచ్. అను అంకెతో చెప్పుదురు. 25 డిగ్రీల వేడిమిలో పీ.హెచ్. 7 ఉన్న నీటిలో, మొత్తము అమ్మోనియాలో నిజముగా విషరూపముననుండునది నూటికి అరపాలు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. పీ.హెచ్. 8 అయినచో అదే అమ్మోనియాలో నూటికి 5 పాళ్లకు పైగా విషమగును. అనగా సుమారు పదిరెట్లు. ఎండకాలములో వేడిమి పెరిగినకొలది ఇది ఇంకను హెచ్చును. ఒకే మేత, ఒకే సంఖ్యలో పిల్లలు, ఒకే పరిమాణముగల తొట్లు. ఒక ఊరిలో బ్రతికి, మరియొక ఊరిలో చచ్చుటకు ఈ భేదమొక్కటి చాలును. పొరుగువారి తొట్టిని చూచి తన అదృష్టమును నిందించుకొనువారు నీటిని పరీక్షింపవలెను. పరీక్షకు చుక్కలమందు రంగుచేపల దుకాణములలో దొరకును. ఖరీదైన మందులకంటె ముందు కొనవలసినది అదియే.

నైట్రైటు తీరు వేరు. అది రక్తములో చేరి, ప్రాణవాయువును మోసికొనిపోవు శక్తిని చెరచును. రక్తము చాక్లెటు రంగునకు తిరుగును. నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా నున్నను చేప రొప్పుచుండును. దీనికి మన వంటింటి కల్లుప్పు ఉపకరించును. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటును మొప్పలగుండ లోనికి పోనీయక అడ్డగించును. లీటరుకు ఒక గ్రాము చొప్పున వేసినచో గప్పీవంటి చేపలు హాయిగా ఓర్చుకొనును. పొలుసులేని కొన్ని చేపలు ఉప్పునకు అంతగా ఓర్వవు; వాటి విషయములో తొందరపడరాదు.

ఈ నీటిరోగమునకు నివారణ సులభము. పిల్లలు పుట్టుటకు నెలరోజుల ముందే ఒక స్పాంజి ఫిల్టరును పెద్దతొట్టిలో నడపుచు, పిల్లలు పుట్టిననాడు దానిని పిల్లలతొట్టిలోనికి మార్చవలెను. దానితో మేలుచేయు సూక్ష్మజీవులును తరలివచ్చును. ఆ స్పాంజిని కుళాయిక్రింద పెట్టి పిండరాదు; తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండవలెను. లేనిచో క్లోరిన్ తగిలి నెలరోజుల కూర్పు ఒక్క నిమిషములో నశించును. దినదినము తొట్టినీటిలో పదవవంతు మొదలు అయిదవవంతు వరకు, అదే వేడిమిగల నిలువనీటితో మార్చవలెను. అడుగున చేరిన మడ్డిని సన్నని రబ్బరుగొట్టముతో లాగివేయవలెను. గొట్టముగుండ పిల్లలు పోకుండ కొసకొక పలుచని గుడ్డ కట్టుట మరువరాదు.

మేత విషయము. గప్పీపిల్ల పుట్టగనే ఈది, మేతను వెదకుకొనును. గ్రుడ్లు పెట్టు గౌరామివంటి చేపల పిల్లలు అట్లు కావు. అవి మొదట రెండు మూడు దినములు తమ పొట్టకు అంటియున్న సొనసంచితో బ్రతుకును. సంచి తరిగిన దినమే వాటికి గండము. ఆనాడు నోటికి పట్టునంతటి సన్నని ప్రాణులు నీటిలో సిద్ధముగా లేనిచో, తరువాతి రెండు మూడు దినములలో వందలకొలది పిల్లలు మాయమగును. ఇట్లు చచ్చిన పిల్ల పొట్ట వీపునకు అంటుకొనియుండును. తల మాత్రము పెద్దదిగా కనబడును. భూతద్దముతో చూచిన ఇది స్పష్టము. ఎండుగడ్డిని గాని, అరటితొక్కను గాని నీటిలో నానవేసి కొన్ని దినములు ముందుగా సూక్ష్మప్రాణులను పెంచుకొనుట దీనికి ఉపాయము. కొంచెము ఎదిగినవానికి ఆర్టీమియా అను ఉప్పునీటి రొయ్య గ్రుడ్లను పొదిగించి ఆ పిల్లలను వేయవచ్చును. 28 డిగ్రీల వెచ్చని ఉప్పునీటిలో ఒకటి, ఒకటిన్నర దినములో అవి పొదుగును. ఉడికించిన కోడిగ్రుడ్డు పచ్చసొనను నలిపి వేయు అలవాటున్నది. దానిని సూదిమొనమీద నిలుచునంతటి మోతాదులో వేయగల ఓర్పున్నవారికే అది తగును. తక్కినవారి చేతిలో అది మేత కంటె ముందు అమ్మోనియా యగును.

నీటిపై నూనెపొర తేలనీయరాదన్న మాటకు బలమైన కారణమున్నది. చేపకు నీటిలో తూకముగా నిలుచుటకు లోపల గాలితిత్తి యొకటి కలదు. అనేక జాతుల పిల్లలు పుట్టిన కొన్ని దినములలో ఒక్కమారైనను పైకి వచ్చి గాలి గుటకవేసి ఆ తిత్తిని నింపుకొనవలెను. మేతజిడ్డు, వంటింటి పొగ నీటిపై పొరగట్టి అడ్డుపడినచో, ఆ అదను దాటిపోవును. అట్టి పిల్ల జీవితాంతము అడుగున పొట్టతో ప్రాకును. ఒక కాగితమును నీటిమీద పరచి ఎత్తివేసినచో జిడ్డు దానితో వచ్చును.

ఇప్పుడు నిజమైన వ్యాధులకు వత్తము. నీరు బాగుండియు చేపపిల్లల మేనిమీద తెలుపు కనబడినచో గృహస్థులు కంగారుపడుదురు. ఇక్కడ ఒక సూక్ష్మము తెలియవలెను. తెలుపు అన్నియు ఒకటి కావు. ఒకదానికి చేయు ఉపచారము మరియొకదానికి మృత్యువగును.

మేనిమీద, రెక్కలమీద బొంబాయిరవ్వ గింజలు చల్లినట్లు, ఒకదానికొకటి విడివిడిగా తెల్లనిచుక్కలు కనబడి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకొనుచున్నచో అది తెల్లచుక్కల వ్యాధి. ఇక్తియోఫ్తిరియస్ అను ఏకకణజీవి దీనికి మూలము. లేతపిల్లలలో చుక్కలు కనబడక మునుపే మొప్పలు చెడి, శ్వాస వేగమగును. ఈ జీవి చేప చర్మము క్రింద దాగి, తిని బలిసి, రాలిపడి, అడుగున ఒక గూడు కట్టుకొని, దానిలో వందలుగా చీలి మరల బయలుదేరును. అట్లు బయలుదేరిన పిల్లజీవి ఒకటి రెండు దినములలో చేపను పట్టుకొనలేనిచో చచ్చును. మందు దానికి తగులునది ఆ ఈదులాడు దశలోనే. చర్మము క్రిందనున్నపుడు గాని, గూటిలో నున్నపుడు గాని తగులదు. “మందు వేసితిమి, చుక్కలు పోయినవి, వారములో మరల వచ్చిన”వని చెప్పువారందరును ఈ సంగతి తెలియనివారే. చుక్కలు పోవుట వ్యాధి పోవుట కాదు. అవి రాలి, పిల్లలు పెట్టబోవుచున్నవని యర్థము. నీటి వేడిమిని మెల్లమెల్లగా 29, 30 డిగ్రీలకు పెంచినచో ఈ చక్రము త్వరగా తిరుగును, జీవియు బలహీనపడును. లీటరుకు రెండు గ్రాముల ఉప్పు వేసి, గాలి యంత్రము నడపుచు, దినదినము అడుగుమడ్డిని లాగివేయుచు, చివరి చుక్క మాయమైన పిదప మరి వారము రోజులు ఈ ఉపచారమును సాగింపవలెను.

తెలుపు చుక్కలుగా కాక సున్నము పూసినట్లు, పెదవులచుట్టును గాని, వీపుమీద జీనువలె గాని మచ్చగా నున్నచో అది కాలమ్నారిస్ అను బాక్టీరియా వ్యాధి. చూపునకు బూజువలె నుండుటచే దీనిని బూజనియే భ్రమింతురు. ఇది ఒకటి రెండు దినములలోనే తొట్టిని ఖాళీచేయగలదు. దీనికి వేడి స్నేహితుడు. తెల్లచుక్కల వ్యాధియని పొరబడి నీటిని వేడిచేసినచో మన చేతులతో మనమే దానికి బలమిచ్చినట్లగును. వ్యాధి సోకినవానిని వెంటనే వేరుచేసి, నీటిని జాతికి తగిన మేరకు చల్లగా నుంచి, శుభ్రపరచి, చేపల వైద్యము తెలిసిన పశువైద్యుని సలహాతోనే క్రిమిసంహారక మందులను వాడవలెను. ఇంటిలో మిగిలిన మాత్రను పొడిచేసి వేయుట ఎంతమాత్రము తగదు. అది మేలుచేయు సూక్ష్మజీవులను చంపి నీటిని చెరచును. మోతాదు చాలక మిగిలిన రోగక్రిములు ఆ మందునకు లొంగనివి యగును.

నిజమైన బూజు దూదిపింజవలె పోగులు పోగులుగా నుండును. ఇది ఎక్కువగా గాయపడిన చేపను, ఫలింపని గ్రుడ్లను పట్టును. తెల్లబారిన గ్రుడ్లను వెంటనే తీసివేసినచో మంచి గ్రుడ్లు దక్కును. దుకాణమువారిచ్చు నీలిమందు, అనగా మిథిలీన్ బ్లూ, ఇచ్చట నిజముగా ఉపకరించును. అయితే ఫిల్టరు నడచుచున్న తొట్టిలో దానిని పోసినచో స్పాంజిలోని సూక్ష్మజీవులకు చేటు.

గౌరామి, ఫైటరు చేపల పిల్లలకు మరియొక గండమున్నది. గది చీకటి చేసి, టార్చిలైటును ప్రక్కనుండి వేసి చూచినచో మేనిమీద బంగారుపొడి చల్లినట్లు మెరయును. పగటి వెలుతురులో ఏమియు కనబడదు. దీనిని వెల్వెటు వ్యాధియందురు. ఈ జీవి మొక్కవలె వెలుతురునుండి గూడ కొంత ఆహారము చేసికొనును. కనుక ఉప్పు, వెచ్చదనములతోపాటు తొట్టిపై నల్లగుడ్డ కప్పియుంచుట దీనిని క్షీణింపజేయును. దీనికి అమ్ము మందులలో రాగి కలిసినవి కలవు. రాగి సంగతి ఇంతకుముందే చెప్పితిని. లేతపిల్లలకు అవి వద్దు.

చావులు లేక, శవములును కనబడక, సంఖ్య మాత్రము తరుగుచున్నచో అది వ్యాధి కాదు, వేట. చెరువునుండి తెచ్చిన నీటిపురుగుల మేతతో తూనీగపిల్లలు, హైడ్రాలు వచ్చును. హైడ్రా అద్దమునకు అంటుకొని సన్నని చేతులు చాచియుండు అరంగుళములోపు ప్రాణి. 1740 ప్రాంతమున అబ్రహాం త్రెంబ్లే అను పండితుడు దీనిని ముక్కలుగా కోసి, ప్రతిముక్కయు మరల పూర్తిప్రాణి యగుట చూచి లోకమును ఆశ్చర్యపరచెను. గోటితో గీకి నలిపివేయువారికి అది హెచ్చునేగాని తగ్గదనుటకు ఇంతకన్న సాక్ష్యము వేరేల? పిల్లలను వేరొక పాత్రలోనికి తీసి, తొట్టిని ఎండబెట్టుటయే మేలు. మురుగుకాలువల నుండి తెచ్చు ట్యూబిఫెక్సు పురుగులు మేతగా బలమైనవే. కాని ఆ మురుగులోని రోగములను గూడ వెంట తెచ్చును. పిల్లలకు వానిని పెట్టకుండుటయే క్షేమము.

బయటినుండి కొత్తచేపను తెచ్చినపుడు మూడు నాలుగు వారములు వేరు తొట్టిలో నుంచవలెను. దానికి వాడిన వలను పిల్లలతొట్టిలో ముంచరాదు. వలలను ఎండలో బాగుగా ఆరనిచ్చుట ఖర్చులేని వైద్యము. మన దేశములో ఎండకు కొదువ లేదు. చేతికి గాయమున్నవారు తొట్టిలో చేయి పెట్టరాదు. చేపలను చిక్కింపజేసి, నడుము వంచు ఒక విధమైన క్షయక్రిమి, మనుష్యుల చేతి గాయములోనికి చేరి మానని పుండ్లను కలిగింపగలదు. నడుము వంకర పుట్టుకతో గూడ రావచ్చును, మేతలోపముచే గూడ రావచ్చును. అయినను చిక్కి, వంగి, ఒకదాని వెంట నొకటి చచ్చుచున్న గుంపును అనుమానించుట మంచిది. వానిని కాలువలో గాని, చెరువులో గాని వదలరాదు. చచ్చినవానిని దూరముగా మట్టిలో పాతిపెట్టవలెను.

అన్ని యత్నములు చేసినను ఒక్కొక్కప్పుడు తొట్టియంతయు ఖాళీయగును. అట్టి తొట్టిలోని ఇసుకను, రాళ్లను మరుగునీటిలో వేసి తీసి, స్పాంజిని పారవేసి, అద్దములను ఉప్పుతో రుద్ది కడిగి, అన్నిటిని ఎండలో వారము రోజులు ఎండనీయవలెను. పిమ్మట నీరు పోసి, ఒక కొత్త స్పాంజిని నడపుచు, చిటికెడు మేత దినదినము వేయుచు, చేపలు లేకుండనే నాలుగైదు వారములు ఉంచవలెను. అమ్మోనియా, నైట్రైటు రెండును పరీక్షలో సున్నయని తేలిన పిదప, మొదట నాలుగైదు పిల్లలను మాత్రమే దానిలో వదలవలెను.